ఎడమ కంటి బొమ్మ

డ్రాయింగు మాస్టారి క్లాసులో ఒక బేరం నడిచేది. "ఒరేయ్, నేను వెయ్యలేని బొమ్మ మీలో ఎవరైనా వేస్తే అది నాది. దానికి బదులు నేను వేసినవాటిలో మీకు నచ్చింది ఏరుకుని ఇంటికి పట్టుకుపొండి," అనేవారాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్సాహం ఆపుకోలేక అన్న మాట అది. రిటైరయ్యేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు.

అంత చెయ్యి తిరిగిన మనిషి వెయ్యలేని బొమ్మ బడిపిల్లలు వేస్తారా అని మీకు అనుమానం రావచ్చు. హెడ్మాస్టరుకీ వచ్చింది. మాస్టారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆరో తరగతి పిల్ల వేసిన గుర్రాన్ని చూపించారు. గుర్రానికి ఐదు కాళ్ళున్నాయి. "ఇదేంటమ్మా?" అని అడిగితే ఆ పిల్ల, ఇంత పెద్దాయనకి ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసి, "పరిగెడుతోంది కదా మాస్టారూ," అంది. "విన్నారా? గుర్రానికి నాలుగే కాళ్ళని నాకు ముందే తెలిసి చచ్చింది. ఇంక ఇలాంటిది నేను జన్మలో వెయ్యలేను," అన్నారు మాస్టారు. ఆ పిల్ల చేతికి తను వేసిన నది బొమ్మ ఇచ్చి పంపారు. హెడ్మాస్టరు తల గోక్కుంటూ వెళ్ళిపోయారు.

ఈ బేరం పుణ్యమా అని మాస్టారి బొమ్మలన్నీ ఊరి మీద పడ్డాయి. కిళ్ళీకొట్టు గోడ మీద ఒకటి, బ్యాంకు గుమాస్తా సోఫా మీద ఒకటి, ఎవరి వంటింట్లోనో నూనె మరకలు పడుతూ ఇంకొకటి. మాస్టారింట్లో మాత్రం నేల దగ్గర్నుంచి చూరుదాకా పిల్లలు వేసినవే. ఎగిరే బస్సులు, మనుషులకన్నా పెద్ద చీమలు, ఒక పిల్లవాడు వాళ్ళ నాన్న కోపాన్ని ఎర్రరంగుతో కాగితం చిరిగేదాకా రుద్దిన బొమ్మ, అన్నిటికీ అద్దాలు, ఫ్రేములు, శుభ్రంగా రాసిన పేర్లు. డబ్బున్నవాళ్ళు పాత నాణేలు పోగేసినట్టు ఆయన ఇవి పోగేశారు.

"ఈ గోడలకి సున్నం వేయించి ఎన్నేళ్ళయిందో ఆ దేవుడికే తెలియాలి. అసలు గోడంటూ కనబడితే కదా!" అని మాస్టారి అక్క సణిగేది. సణుగుతూనే ఒక్కో అద్దాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేది.

అక్క గురించి చెప్పకపోతే మాస్టారి గురించి చెప్పినట్టే కాదు. ఆయన బతుకు అక్క పెట్టిన భిక్ష. నేననడం కాదు, ఆయనే అంటారు. అమ్మా నాన్నా పోయేనాటికి ఆయనింకా పలక పట్టుకోవడం కూడా రాని పిల్లవాడు. అక్క అప్పటికే కుట్టుమిషను ముందు కూర్చుంది. ముందుగదిలో మిషను, దాని పక్కన బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల, బల్ల కింద తమ్ముడు. కొలతలు గీసి పారేసిన గోధుమరంగు కాగితాల వెనకవైపు, అరిగిపోయిన సుద్దముక్కతో వాడు బొమ్మలు వేసుకునేవాడు. చుట్టాలు వచ్చి, "వీడికి బొమ్మలు కూడు పెడతాయా? ఏదన్నా పనిలో పెట్టు," అంటే అక్క కత్తెర ఆపకుండానే, "వాడు బొమ్మలేస్తాడు. నేను బట్టలు కుడతాను. మధ్యలో మీకేం నొప్పి?" అంది. ఆ చుట్టాలు మళ్ళీ చాలాకాలం ఆ గడప తొక్కలేదు. పీడా పోయింది.

రంగులు ఆయన బొమ్మల కాలేజీలో నేర్చుకున్నారని సర్టిఫికెట్టులో ఉంటుంది. నిజానికి నేర్చుకున్నది గుమ్మంలో. బట్టకి దారం కలపాలంటే అక్క బట్టనీ దారపు ఉండనీ పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి వెలుతురులో నిలబడేది. "లోపల లైటు కింద చూసిన రంగు రంగు కాదురా చిన్నోడా. బయటికి రా. ఇప్పుడు చూడు, ఇది దానికి అక్కచెల్లెలా, పక్కింటిదా?" అని అడిగేది. వాడు సరిగ్గా చెప్పేదాకా వదిలేది కాదు. ఈ మాటలే మాస్టారు తర్వాత ముప్పై పైచిలుకు ఏళ్ళపాటు క్లాసులో చెప్పారు. అక్కచెల్లెలు ఏది, పక్కింటిది ఏది అని ఊళ్ళో సగంమంది ఇప్పటికీ రంగుల గురించి అలాగే మాట్లాడుకుంటారు.

ఇంత చేసిన అక్క, తమ్ముడి బొమ్మ ఒక్కటి కూడా బాగుందని అన్న పాపాన పోలేదు. బొమ్మ తెచ్చి ముందు పెడితే కళ్ళజోడు పైకి నెట్టి, అటూ ఇటూ చూసి, "ఊఁ," అనేది. మళ్ళీ మిషను టకటకా మొదలయ్యేది. పట్నంలో బహుమతి వచ్చిన బొమ్మకీ అదే "ఊఁ". మాస్టారికి నెత్తి మీద జుట్టు తెల్లబడినా, రాలినా, ఆ "ఊఁ" తర్వాత ఇంకేమన్నా వస్తుందేమోనని చెవులు నిక్కబొడుచుకునే ఉండేవి.

"నీ బొమ్మ వేస్తానే, కాసేపు కూర్చో," అని ఎన్నిసార్లు బతిమాలినా అక్క కూర్చోలేదు. "నా మొహం చూసుకోడానికి అద్దం ఏడ్చింది కదా! పనీపాటా లేదా నాకు?" అనేది. అందుకని రిటైరయ్యాక మాస్టారు దొంగతనంగా మొదలుపెట్టారు. మేడ మీద ఒకే గది, మోకాళ్ళ నొప్పులతో అక్క ఆ మెట్లెక్కదు. నిలువెత్తు కాన్వాసు మీద, చూసి కాకుండా తలుచుకుని, అక్క బొమ్మ. గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా నిలబడి ఒక చేతిలో తెల్లబట్ట, ఇంకో చేతిలో దారపు ఉండ, భుజాన బూడిదరంగు శాలువా, తెల్లజుట్టు. నూనెరంగులు. కొంచెం వెయ్యడం, వారం చూడడం, చెరపడం, మళ్ళీ వెయ్యడం. అలా ఏళ్ళు గడిచాయి. అక్కకి ఈ జన్మలో ఏమిచ్చినా తీరదని ఆయనకి తెలుసు. కనీసం ఒక్క బొమ్మైనా ఇవ్వాలి, అది చూసి అక్క ఒక్క మాటైనా అనాలి. ఆయన కోరికల్లా అదొక్కటే.

అదిగో, అలాంటి సమయంలో సున్నా ఒక ఆలోచనతో వచ్చాడు. సున్నా అంటే ఫ్రేములు కట్టే ఆయన, మాస్టారి పాత శిష్యుడు, ఇప్పుడు యాభై దాటినవాడు. వచ్చిన మార్కుల్ని బట్టి ఆ పేరు పడిందని ఊళ్ళోవాళ్ళనుకుంటారు. అదేం కాదు. ఏడో తరగతిలో కంపాసు లేకుండా వట్టి చేత్తో నిఖార్సయిన సున్నా చుట్టి మాస్టారితో బేరం గెలిచాడు. ఆ సున్నా ఇప్పటికీ మాస్టారింట్లో అద్దం వెనక ఉంది.

"మాస్టారూ, లైబ్రరీ మేడ మీద హాలు మాట్లాడాను. ఊళ్ళో ఉన్న మీ బొమ్మలన్నీ అరువు తెస్తాం. మీ ఇంట్లో ఉన్న మా బొమ్మలూ పెడతాం. ఎదురెదురు గోడల మీద. ఇచ్చినవి, పుచ్చుకున్నవి," అన్నాడు సున్నా. "మధ్య గోడ మాత్రం ఖాళీగా ఉంచాను. మేడ గదిలో ఏదో దాస్తున్నారట కదా?"

"నీకెవడు చెప్పాడ్రా?"

"రంగుల్లో కలిపే టర్పెంటైను వాసన చెప్పింది మాస్టారూ. మీ అక్కగారికి కూడా చెప్పే ఉంటుంది, ఆవిడ పైకి అనరంతే."

మాస్టారు నవ్వేసి సరేనన్నారు. ఆ మధ్య గోడ అక్క బొమ్మకి. ప్రదర్శన మొదటిరోజు అక్కని తీసుకొచ్చి దాని ముందు నిలబెట్టాలి. ఇంకేం, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి సున్నా బొమ్మలు దింపడం మొదలుపెట్టాడు. ఎవరూ కాదనలేదు. కిళ్ళీకొట్టాయన మాత్రం బొమ్మ తీసిన చోట గోడ బోసిగా ఉందని అక్కడ సున్నాని నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు.

ఇంతలో మాస్టారు మెట్టు ఉందనుకుని లేని చోట కాలు వేసి బోర్లా పడ్డారు. నడుం పట్టేసింది గానీ దెబ్బ తగల్లేదు. సున్నా ఆయన్ని రెక్క పుచ్చుకుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు. డాక్టరమ్మ ఎవరనుకున్నారు? ఐదుకాళ్ళ గుర్రం పిల్ల. ఆమె గదిలో, ఆమె కుర్చీ వెనకే, మాస్టారి నది బొమ్మ.

"రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయి మాస్టారూ. ఇన్నాళ్ళూ ఎలా లాక్కొచ్చారో! ముందు కుడికన్ను చేసేద్దాం. ఆ తర్వాత ఎడమది," అందామె. ప్రదర్శనకి ఇంకా టైముంది. మాస్టారు ఊఁ అన్నారు.

కట్టు విప్పిన పొద్దున మాస్టారు తలెత్తి చూశారు. డాక్టరమ్మ కోటు తెల్లగా ఉంది. ఎంత తెలుపు! కిటికీ అవతల ఆకాశం ఎవరో అప్పుడే కడిగి ఆరేసినట్టుంది. ఎడమకన్ను మూసి కుడికంటితో, కుడికన్ను మూసి ఎడమకంటితో మార్చిమార్చి చూశారు. ఎడమకంటికి అదే కోటు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. "ఏళ్ళ తరబడి నేను టీ గ్లాసులోంచి చూశానటమ్మా లోకాన్ని!" అన్నారు. ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. ఆమె కంగారుపడి వెనక్కి లాక్కుంది.

ఇంటికెళ్ళేదారంతా పండగే. మొదట తన చొక్కా చూసుకున్నారు. నల్లగుండీలు, వాటిని కుట్టిన దారం మాత్రం ముదురు నీలం. అక్క కుట్టింది. ఇదేంటి, అక్క దారం తప్పడమా అని ఒక్క క్షణం అనుకుని మర్చిపోయారు. ఆయన మనసంతా మేడ గది మీదే ఉంది.

తలుపు తీసి బొమ్మ మీది గుడ్డ తొలగించారు.

అక్క నీలంగా ఉంది. జుట్టు నీలం, శాలువా నీలం, చేతిలోని తెల్లబట్ట సిరాలో జాడించి తీసినట్టుంది. బుగ్గల మీద చలికి కొంకర్లు పోయిన మనిషి రంగు. ఆయనకి జరిగింది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. టీ రంగు పొరలోంచి చూస్తూ, తెలుపు తెల్లగా రాలేదని కాస్త నీలం కలిపారు. ఇంకా రాలేదని ఇంకాస్త కలిపారు. ఏళ్ళ తరబడి కలుపుతూనే పోయారు. గుమ్మంలో ఎదురుగా పెట్టుకుని చూసి వేసినవైతే బట్టా దారం పోల్చినట్టు పోల్చుకునేవారు. ఇది తలపులోంచి తీసిన బొమ్మ, పోల్చడానికి పక్కన ఏమీ లేదు.

సున్నాని పిలిపించారు. "నిజం చెప్పరా. ఈ మధ్య నేను వేసినవన్నీ ఇలాగే తగలడ్డాయా?"

సున్నా నేల చూపులు చూశాడు. "కొంచెం నీలంగానే ఉన్నాయి మాస్టారూ."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"అది మీ కొత్త పద్ధతి అనుకున్నాం మాస్టారూ. పేపరాయన కూడా రాశాడు కదా, మాస్టారి నీలంలో లోతైన వేదాంతం ఉందని. నాకు వేదాంతం తెలీదు, అందుకని నోరు మూసుకున్నాను."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కుడికన్ను మూసి బొమ్మ చూశారు. ఎడమకంటికి అక్క అచ్చం అక్కలాగే ఉంది. ఎడమకన్ను మూసి చూస్తే నీలం మనిషి. "ఈ కంటికి బాగానే ఉందిరా. అయితే ఏం లాభం? నా ఎడమకన్ను ఊళ్ళో అందరికీ అద్దెకివ్వగలనా? అక్క దీన్ని చూసి ఏమంటుంది? దారంలో రవ్వంత తేడా వస్తే కుట్టినదంతా విప్పి పారేసే మనిషి," అన్నారు.

ఆ రోజు నుంచి మాస్టారు తిండీ తిప్పలూ మాని సరిదిద్దడం మొదలుపెట్టారు. పాత రంగుని రంగులు కలిపే కత్తితో కాన్వాసు కనబడేదాకా గీకి, కుడికంటితో చూసి, మళ్ళీ వేశారు. ఎడమవైపు సగం మొహం, భుజం, శాలువా అంచు అయ్యాయి. లోకం లెక్కన రంగులు సరిగ్గా కుదిరాయి. అయినా ఎందుకో గీకినకొద్దీ అక్క ఆయన చేతికి దొరక్కుండా పోతోంది. పైగా నూనెరంగు ఆరదు, రోజులు ఆగవు. ప్రదర్శన రేపనగా బొమ్మ సగం ఒక మనిషి, సగం ఇంకో మనిషి అయి కూర్చుంది.

"ఇది పెట్టను. మధ్య గోడ అలాగే ఖాళీగా ఉండనీ," అన్నారు మాస్టారు. సున్నా వింటే కదా! ఆఖరి నిమిషంలో మాస్టారి మనసు మారొచ్చని బొమ్మని హాలుకి మోయించి, వెనకగదిలో నిచ్చెన పక్కన గోడవైపు తిప్పి పెట్టించాడు.

మర్నాడు హాలంతా కిటకిటలాడిపోయింది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని చూస్తూ ఉండిపోయారు. ఒకప్పుడు ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలు తమ పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వచ్చి, "ఇదిగో, ఇది నేను వేసింది, మాస్టారు వెయ్యలేకపోయారు," అని చూపిస్తున్నారు. ఎదురుగోడ మీద, ఎప్పుడో ఇచ్చేసి మర్చిపోయిన తన బొమ్మలు. వంటింటి బొమ్మ మీద నూనె మరకలు తుడవొద్దని మాస్టారే సున్నాకి చెప్పారు. ఇన్నాళ్ళూ జనం తన బొమ్మల కిందే కూర్చుని తిన్నారు, పోట్లాడుకున్నారు, పిల్లల చేత లెక్కలు చేయించారు. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటే కళ్ళు చెమర్చాయి. వెంటనే మధ్యలో ఖాళీ గోడ కనబడింది. ఆయన తల తిప్పుకున్నారు.

అక్క కారు దిగి, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కి వచ్చింది. అన్ని గోడలూ తిరిగింది. "ఊఁ. ఊఁ," అంది. ఖాళీ గోడ దగ్గర ఆగింది. "ఇక్కడేం లేదేం?"

"ఏం లేదక్కా. ఊరికే."

"ఊరికే ఎవరన్నా మధ్య గోడ వదిలేస్తారా?" అని ఆయన మొహంలోకి ఒక చూపు చూసి, మోకాళ్ళు లాగేస్తున్నాయి, ఎక్కడైనా కూర్చోబెట్టమంది. ఎవరో తీసుకెళ్ళి వెనకగదిలో కుర్చీ వేశారు.

కాసేపటికి మాస్టారు, డాక్టరమ్మ మంచినీళ్ళు తీసుకుని వెళ్ళేసరికి, ఆవిడ కుర్చీలో లేదు. నిచ్చెన పక్కన నిలబడి ఉంది. బొమ్మని తనవైపు తిప్పుకుని కళ్ళజోడు పైకి నెట్టి చూస్తోంది.

"అక్కా, అది పూర్తవలేదు. అది తప్పు..."

"ఉండరా," అంది అక్క చెయ్యి అడ్డం పెట్టి. చాలాసేపు చూసింది. బొమ్మ కుడిసగం మీద వేలు ఆనించీ ఆనించకుండా పెట్టింది. "ఇది నేనే."

అది మాస్టారు గీకకుండా వదిలేసిన సగం, నీలం సగం.

"ఇది నేనే. మన గుమ్మమే. పొద్దుటి వెలుతురే. నా చేతిలో బట్ట చూడు, ఇప్పుడే తానులోంచి చింపినంత తెల్లగా ఉంది," అంటూ అక్క వేలు ఇటు జరిపింది. "ఈ సగం ఎవర్రా? కామెర్లు వచ్చినదానిలా ఉంది. ఇలా ఎందుకు చేశావు?"

మాస్టారు నెమ్మదిగా అరచేతితో కుడికన్ను మూసుకున్నారు. ఎడమకంటితో చూశారు. అవును. అటు అక్క. ఇటు కామెర్ల మనిషి. అక్క చెప్పింది చెప్పినట్టుగా ఉంది. ఆయనకి చొక్కా గుండీల దారం గుర్తొచ్చింది.

డాక్టరమ్మ అప్పటికే అక్క గడ్డం పట్టుకుని కిటికీవైపు తిప్పుతోంది. "ఏదీ అమ్మా, ఇలా చూడండి. అయ్యో, రెండు కళ్ళూ ముదిరిపోయి ఉన్నాయి! ఎవరికీ చెప్పలేదేం?"

"నా కళ్ళకేం? సూదిలో దారం ఎక్కుతోంది."

"ఎవరు ఎక్కిస్తున్నారక్కా?" అన్నారు మాస్టారు.

"ఎవరొస్తే వాళ్ళు," అంది అక్క నిమ్మకు నీరెత్తినట్టు.

మాస్టారు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చేశారు. అద్దెకివ్వలేననుకున్న ఎడమకన్ను అక్క దగ్గర ఎప్పట్నుంచో ఉంది, అదీ రెండు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే టీ గ్లాసులోంచి లోకాన్ని చూస్తూ ముసలివాళ్ళయ్యారు. ఆ బొమ్మ సరిగ్గా కనబడే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు, ఎవరి కోసం వేశారో ఆవిడే.

"అక్కా, ఇది నీకోసమే వేశాను. నువ్వు చేసినదానికి నేనేమీ ఇవ్వలేకపోయాను. అందుకని..."

"తెలుసులేరా. టర్పెంటైను కంపు ఇన్నేళ్ళు ఊరికే భరించానా?" అంది అక్క. కొంగలా మెడ చాచి మళ్ళీ ఒకసారి బొమ్మ చూసింది. "బాగుంది," అంది. మాస్టారు విన్నది నిజమేనా అన్నట్టు డాక్టరమ్మ వంక చూశారు. ఆమె తలూపింది. "ఆ పచ్చ సగం కూడా సరిచెయ్యి. పని సగంలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు," అంది అక్క.

అక్కడే వచ్చింది చిక్కు. మాస్టారి ఎడమకంటికి ఆపరేషను వచ్చే వారమే.

"అమ్మాయ్," అన్నారాయన డాక్టరమ్మతో. "నా ఎడమకన్ను ఇంకొన్నాళ్ళు నాకుండనీవూ?"

"ఎవరైనా పొర తీసెయ్యమని నా వెంట పడతారు మాస్టారూ. ఉంచమని అడిగినవాళ్ళు మీరొక్కరే," అందామె. ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "బొమ్మ అయ్యేదాకా. అయ్యాక ఇద్దరూ రావాలి. వంకలు పెట్టకూడదు," అంది. అక్క కళ్ళు చిట్లించి, "ముందు బొమ్మ కానీ, చూద్దాం," అంది.

ప్రదర్శన అయ్యేదాకా మధ్య గోడ ఖాళీగానే ఉంది. ఆ తర్వాత బొమ్మ మేడ గదికి కాకుండా ముందుగదిలోకి, మిషను పక్కకి వచ్చింది. అక్క నల్లగుడ్డతో కంటిగంత కుట్టి తమ్ముడి కుడికంటికి కట్టింది. నల్లగుడ్డ అని ఆవిడ అంది, అది ముదురు నీలం. మాస్టారు ఆ సంగతి ఎత్తలేదు.

ఈసారి అక్క కూర్చుంది, బొమ్మకి ఎదురుగా కాదు, తమ్ముడి వెనకాల. ఆయన రంగు కలిపి కత్తి అంచున తీసి పాత సగం పక్కన పట్టుకునేవారు. "పక్కింటిది," అనేది అక్క. ఇంకాస్త కలిపేవారు. "పెదనాన్న కూతురు." ఇంకాస్త. "ఆఁ, ఇప్పుడు అక్కచెల్లెలు. పెట్టు." బల్ల కింద కూర్చున్ననాటి నుంచీ విన్న గొంతే. మాస్టారికి ఆ రోజులంత సుఖం మళ్ళీ ఎప్పుడూ తెలియలేదు. కుట్టుపని మీద వచ్చినవాళ్ళంతా, నీలంరంగు కలుపుతూ ఒంటికన్ను మాస్టారు, అది చాలదని దబాయిస్తూ ఆయన అక్కగారు, ఏమొచ్చింది ఈ ఇద్దరికీ అని ముక్కున వేలేసుకున్నారు.

బొమ్మ పూర్తయింది. అక్క లేచి, గుమ్మం దాకా నడిచి, అక్కణ్ణుంచి చూసింది. "నేనే," అంది. ఆ పైవారం ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆయనకి ఎడమకన్ను, ఆవిడకి ఒకదాని తర్వాత ఒకటి రెండూ. అన్నీ అయ్యేదాకా మాస్టారు బొమ్మ మీద గుడ్డ కప్పే ఉంచారు.

ఆఖరి కట్టు కూడా విప్పేసి అక్క ఇంటికొచ్చిన రోజున మాస్టారు గుడ్డ తీసి భయం భయంగా బొమ్మ పక్కన నిలబడ్డారు. అక్క లోపలికి వచ్చింది. చూసింది.

"ఓరి నీ దుంప తెగా! సిరాబుడ్డిలో పడ్డ పిల్లిలా ఉన్నాను కదరా!" అని పడీ పడీ నవ్వింది. మిషను పట్టుకుని నవ్వింది.

"మార్చనా అక్కా?"

నవ్వు టక్కున ఆగింది. "చెయ్యి విరగ్గొడతాను. ఆవేళ చూశాను కదా, అది నేనే. ఇప్పుడు కనబడకపోతేనేం? మనిద్దరికీ తెలుసు, చాలదూ?" అంది. శాలువా అంచుతో కళ్ళు ఒత్తుకుంది. కొత్త కళ్ళు, నీళ్ళు తగలకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

తర్వాత అక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. "నీ బేరం ఏదో ఉందిగా. నీ బొమ్మ ఊరికే పుచ్చుకోవడానికి నేనేమన్నా ముష్టిదాన్నా?" అంటూ గోధుమరంగు కాగితం ఒకటి పరిచి, కొలతలు గీసే సుద్ద తీసింది. జీవితంలో బొమ్మ వెయ్యని మనిషి, నాలుక కొరుక్కుంటూ, చెయ్యి అడ్డం పెట్టుకుని గీసింది. గీసి తమ్ముడి చేతికిచ్చింది.

పొడుగాటి బల్ల. బల్ల కింద, బల్లకన్నా పెద్ద తలకాయతో ఒక పిల్లవాడు. వాడి చేతిలో సుద్దముక్క. బల్ల మీద కత్తెర, మిషను మీద బట్ట. మిషను ముందు స్టూలు ఖాళీగా ఉంది.

మాస్టారు చాలాసేపు చూశారు. "ఇందులో నువ్వేదీ అక్కా?"

ఇంత వయసొచ్చినా ఇది కూడా తెలీదా అన్నట్టు అక్క ఆయన వంక చూసింది.

"నేను నిన్ను చూస్తున్నాను కదరా. బొమ్మలో ఎలా ఉంటాను?"

మాస్టారు కాగితాన్ని రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నారు. "ఇది నేను వెయ్యలేను అక్కా," అన్నారు. ఆ మాట ఆయన క్లాసులో ఎన్నోసార్లు అని ఉంటారు. ఆ తర్వాత సున్నాకి కబురు పెట్టి, మంచి చెక్క చూసి ఫ్రేము కట్టమని చెప్పి, గోడ మీద చోటు కోసం ఐదుకాళ్ళ గుర్రాన్ని కాస్త పక్కకి జరిపారు.